హిస్కే ఇంటి ముసలోడు

సముద్రపు గట్టునున్న మా హామ్‌వార్ఫ్ ఊరి చర్చిలో పాట మొదలయ్యేది తన మాట మీదనని పాస్టరు రైనర్ట్ గారి నమ్మకం. కాదు, తన చేతి మీదనని ఆర్గాన్ వాయించే హాబ్బో మేష్టారి నమ్మకం. ఇద్దరూ పెద్దమనుషులు, ఎవరి నమ్మకం వారికి ఉండనిద్దాం. హిస్కే మాత్రం ఇద్దర్నీ జాలిగా చూసి, "నేను కాలు కదపనంటే అప్పుడు తెలుస్తుంది ఇద్దరికీ" అనేది.

నిజమే మరి. ఆర్గాన్ అంటే గాలి ఊదితే పలికే గొట్టాల వాద్యం, దానికి ఊపిరి హిస్కే కాళ్ళలోంచే రావాలి. ఆర్గాన్ వెనకాల ఇరుకు గదిలో కొలిమి తిత్తులకి పెద్దన్నల్లాంటి తోలు తిత్తులు, వాటికి పలకలు. ఒక పలక ఎక్కి బరువంతా వేసి తొక్కడం, అది అడుగంటేలోపు పక్కదాని మీదికి మారడం, పాట అయ్యేదాకా ఇదే నడక. ముందు ఆ పని తమ్మే అనే ఆమె మొగుడు చేసేవాడు. ఒక చలికాలం, కాలవ మీద మంచు గట్టిగా ఉందని పందెం వేసి నడిచాడు. మంచు గట్టిగా లేదు. జ్వరం తగులుకుని పోయాడు. చర్చి పెద్దలు వచ్చి, "మంచి మగమనిషి ఎవడైనా దొరికేదాకా నువ్వు తొక్కు హిస్కే" అన్నారు. ఆ మంచి మగమనిషి ఆవిడ చచ్చేదాకా దొరకలేదు. వాళ్ళూ పెద్దగా వెతకలేదు, ఆవిడ అసలే వెతకనివ్వలేదు.

హాబ్బో మేష్టారు వారం పొడవునా బడిలో పిల్లల్ని బెదిరించి, ఆదివారం ఆర్గాన్ ముందు కూర్చుంటే మాత్రం మెత్తబడిపోయేవాడు. పాటకి ముందు కాస్త వాయించమంటే చాలు, కళ్ళు మూసుకుని ఎటెటో వెళ్ళిపోయేవాడు. జనం బెంచీల మీద అటూ ఇటూ కదిలేవాళ్ళు, ముసలమ్మలు కునుకు తీసేవాళ్ళు. అప్పుడు హిస్కే పలక మీంచి దిగి, చేతులు కట్టుకుని నిలబడేది. ఆర్గాన్ కుంగి, వంగి, ఈనబోయే ఆవులా ఒక్క మూలుగు మూలిగి చల్లబడిపోయేది.

"హిస్కే! ఏమైంది?" అని మేష్టారు ముందు నుంచి అరిచేవాడు.

"పిక్క పట్టేసిందండీ!" అని ఈవిడ వెనక నుంచి అరిచేది.

ఆ పిక్క ఆవిడకి ఆదివారాలే పట్టేసేది. పాస్టరుగారు ఆ పిక్క కోసం లోలోపల దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకునేవారని ఊళ్ళో అనుకునేవాళ్ళు.

ఇంకో సంగతి ఉంది, అది ఊరందరికీ తెలుసు, ఒక్క హిస్కే మాత్రం ఒప్పుకునేది కాదు. ఆవిడకి చెవుడు. ముందు పిచ్చుకలు పోయాయి. తర్వాత గడియారం టిక్కుటిక్కు పోయింది. ఆ తర్వాత పక్కింటి ఫ్రౌకే గుసగుసలు పోయాయి, అదేమంత నష్టం కాదనుకోండి. "యుద్ధం వచ్చిన దగ్గర్నుంచీ ఈ జనానికి నోరు తెరిచి మాట్లాడ్డం చేతకావడం లేదు, అందరూ గొణుగుడే" అని హిస్కే విసుక్కుంటూ, ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టుకునేది. ఒకసారి మాంసం కొట్టువాడు, "నీకే వినపడ్డం లేదే తల్లీ" అని నోరుజారాడు. మళ్ళీ ఏడాది దాకా వాడి మొహం చూడలేదు, వాడి కొట్టు మెట్టు ఎక్కలేదు. అది చూశాక మళ్ళీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

పాట మొదలుపెట్టేముందు మేష్టారు ఒక పిడి లాగితే వెనక గదిలో చిన్న గంట మోగాలి, అది విని ఆవిడ తొక్కాలి. గంట మోగి మోగి అలిసిపోయేది, ఈవిడ గోడకానుకుని నిమ్మకు నీరెత్తినట్టు నిలబడేది. చివరికి మేష్టారు గంట తీసేసి, ఆ తాడుకి కాలికి తొడిగే పాత చెక్కజోడు ఒకటి కట్టాడు. పిడి లాగితే ఆవిడ ముక్కు ముందర జోడు గెంతుతుంది.

"గంట తుప్పు పట్టింది హిస్కే, అందుకని" అన్నాడు.

"కాస్త నూనె చుక్క వేసుకోలేకపోయారా? చదువుకున్నవాళ్ళ పనులన్నీ ఇంతే" అంది హిస్కే.

మేష్టారు తాడు ముడి ఇంకాస్త బిగించాడు.

అన్ని చప్పుళ్ళూ పోయినా ఒకటి మాత్రం మిగిలింది. ఆర్గాన్ ముందు వరసలో తగరపు గొట్టాలు మిలమిలా నిలబడి ఉండేవి. నడిమధ్యది అన్నిటికంటే పెద్దది, నిలువెత్తు మనిషి కంటే ఎత్తు. దాని నోటి చుట్టూ ఏ కాలంలోనో ఎవడో కొంటె రంగులవాడు మీసాలూ గెడ్డమూ పెట్టి ఒక మొహం గీశాడు. గొట్టం నోరే ఆ మొహానికి నోరు. అందుకని దాన్ని ఊళ్ళో తరతరాలుగా ముసలోడు అంటారు. మేష్టారి ఎడమచెయ్యి చివరి మీట నొక్కిందంటే ముసలోడు నోరు విప్పుతాడు. అప్పుడు తిత్తి పలక సన్నగా వణుకుతుంది. ఆ వణుకు హిస్కే అరికాళ్ళలోంచి పిక్కల్లోకి, పిక్కల్లోంచి కడుపులోకి, అక్కడ నుంచి గుండెల్లోకి పాకుతుంది. అది చెవితో వినడం కాదు. కానీ ఆ ఒక్క స్వరం తగిలినప్పుడు, బయట పాట నడుస్తోందని, జనం గొంతెత్తి పాడుతున్నారని, తనూ ఆ జనంలో ఉందని ఆవిడకి తెలిసేది. మిగతా వారమంతా ఆవిడ గాజు కిటికీ అవతల నిలబడి ఊరిని చూస్తున్నట్టే ఉండేది. పైకి ఎంత దబాయించినా, ఆవిడకి ఆదివారం అంటే ఆ వణుకే.

యుద్ధం మూడో ఏడు నడుస్తుండగా ఒక ఆదివారం పాస్టరుగారు ప్రసంగం అయ్యాక ఒక సర్కారు కాగితం చదివారు. హిస్కేకి వెనక గది సందులోంచి జనం మొహాలు పాలిపోవడం కనిపించింది. ఎవరో చచ్చిపోయారనుకుంది. బయటికొచ్చాక ఫ్రౌకే ఆవిడ భుజం పట్టుకుని, చెవిలో నోరు పెట్టి అరిచింది.

"దేశానికి తగరం కావాలంట అక్కా! చర్చిల్లో ఆర్గాన్ ముందు వరస గొట్టాలన్నీ పట్టుకుపోతారంట! మన ఊరికి బుధవారం వస్తారంట!"

"ముందు వరసంటే?"

"ముసలోడితో సహా!"

హిస్కే భుజం మీది ఆ చెయ్యి విదిలించుకుంది. తర్వాత తిన్నగా మేష్టారి ఇంటికెళ్ళి, తలుపు కొట్టకుండానే లోపలికి పోయింది.

"మిగతావి పట్టుకుపోనివ్వండి. ముసలోణ్ణి ఇవ్వను" అంది.

"నీదా ఏమిటి ఇవ్వకపోవడానికి?" అన్నాడు మేష్టారు. ఆయన కళ్ళు అప్పటికే ఎర్రగా ఉన్నాయి. "అన్నీ పోతున్నాయి హిస్కే. నడిమధ్య ఒక్కటి లేకపోతే ముందు పన్ను ఊడిన నోరులా కనిపించదూ? నన్ను జైల్లో వేస్తారు."

"వేస్తే వేస్తారు. జైల్లో మీకు తిత్తులు తొక్కేవాళ్ళుండరు, అదేగా మీ బాధ!"

"ఆ ఒక్కటే ఎందుకే నీకు?"

ఎందుకో చెప్పాలంటే చెవుల సంగతి చెప్పాలి. ఆవిడ ఎందుకు చెబుతుంది? నేల చూస్తూ కాలి బొటనవేలితో జోడు అంచు గీకింది. మేష్టారు ఆ కాళ్ళనే చూశాడు. తాడుకి చెక్కజోడు కట్టినవాడు ఆయనేగా, ఇంకొకరు విప్పి చెప్పాలా?

"రేపు కాదు ఎల్లుండి, పాస్టరుగారు భోంచేసి నడుం వాల్చే వేళకి రా" అన్నాడు నెమ్మదిగా. ఆవిడకి వినపడలేదు. రెండోసారి గట్టిగా అన్నాడు.

పాస్టరుగారికి తెలియకూడదన్నది అందరి మాటా. ఆయన చెడ్డవారని కాదు, అబద్ధం ఆడలేరు. ఆడబోతే చెవులు రెండూ ఎర్రగా కందిపోయి, దీపాలు వెలిగించినట్టుంటాయి. ఆ చెవుల పుణ్యమాని ఊళ్ళో ఒక్క రహస్యమూ నిలిచేది కాదు.

మంగళవారం మధ్యాహ్నం మేష్టారు, హిస్కే, ఫ్రౌకే కలిసి ముసలోణ్ణి పీఠం మీంచి పైకెత్తి దింపారు. దూది పరుపులో చుట్టి, తాగి పడిపోయిన పెళ్ళికొడుకుని ఇంటికి మోసుకెళ్తున్నట్టు ముగ్గురూ చర్చి దాటారు. పాస్టరుగారి కిటికీ తెర మెల్లగా పక్కకి జరిగి, గబుక్కున మళ్ళీ మూసుకుంది. గాలికే జరిగిందని అనుకుందాం, కిటికీ తలుపు వేసే ఉందన్న సంగతి మనకెందుకు?

ఇప్పుడు ఎక్కడ దాచాలి? హిస్కే ఇంట్లో గోడ అరలో తలుపులు వేసుకునే పడక ఉంది. ముసలోడు అందులో పట్టలేదు. పొగగొట్టంలో పెడదామంటే మసి. "మా పేడగుట్టలో పాతిపెడదాం, ఎవడూ చెయ్యి పెట్టడు" అంది ఫ్రౌకే.

"నీ మొగుణ్ణి పాతిపెట్టుకో పేడలో! ముసలోణ్ణి పెడతావా?" అని హిస్కే కొట్టినంత పని చేసింది.

ఇంటి వెనక గోడకి చూరు నుంచి వాననీళ్ళు దిగే జింకు గొట్టం ఒకటి ఉండేది. పోయినేడు జింకు కావాలని సర్కారువాళ్ళే దాన్ని ఊడబీక్కుపోయారు. ఇనుప పట్టీలు మాత్రం గోడకి అలాగే ఉన్నాయి. హిస్కే వాటిని చూసింది, ముసలోణ్ణి చూసింది, పళ్ళన్నీ కనిపించేలా నవ్వింది.

తారు, బురద కలిపి ఒళ్ళంతా పూశారు. చూరు కింద నిలబెట్టి పట్టీలు బిగించారు. అచ్చం వాననీళ్ళ గొట్టమే. నోరు కింది వైపు, నడుమెత్తున వచ్చింది.

"మొహం గోడకేసి తిప్పు" అని చేత్తో సైగ చేసి, మేష్టారు బడి గంట కొట్టే వేళైందని వెళ్ళిపోయాడు.

హిస్కే తిప్పబోయి ఆగింది. మా వైపు చనిపోయిన మనిషి బొమ్మనే గోడకేసి తిప్పుతారు. "బతికున్నవాడికి అదేం మర్యాద?" అనుకుని, మొహం బయటికి, వాయవ్యం వైపుకే ఉంచి పట్టీలు బిగించేసింది. మీసాల మీద ఇంకో దోసెడు బురద మెత్తింది. అక్కడే తప్పు చేసింది. వాయవ్యమంటే సముద్రం వైపు. మా ఊరికి గాలంతా వచ్చేది ఆ వైపు నుంచే. ఆ పూట తూర్పుగాలి, కాబట్టి ముసలోడు నోరు మెదపలేదు.

బుధవారం కాలవలో పడవ ఆగింది. ఇద్దరు పనివాళ్ళతో ఒక అధికారి దిగాడు. వెంట్‌సెల్ అని పేరు. ఎక్కడో కొండల దగ్గర ఊరివాడు, సన్నటి మనిషి, కళ్ళజోడు, చేసే పని చూసి సిగ్గుపడుతున్నట్టు మెత్తగా మాట్లాడేవాడు. ఇలాంటివాడు రావడమే చిక్కు, తిట్టుకోవడానికి కూడా నోరు రాదు. పనివాళ్ళు ఒక్కో గొట్టమూ దింపుతుంటే మేష్టారు బయటికెళ్ళి నిలబడ్డాడు. ఆయనకి చూడబుద్ధి కాలేదు.

"మధ్యది ఏది?" అన్నాడు వెంట్‌సెల్ చర్చి గుమ్మంలోకొచ్చి, బయట నిలబడ్డ పాస్టరుగారితో.

"ఆదివారం ఉంది" అన్నారు పాస్టరుగారు. "నిన్నా ఈవేళా నేను చర్చిలో అడుగుపెట్టలేదు." చెవులు తెల్లగానే ఉన్నాయి. ఫ్రౌకే నోరు వెళ్ళబెట్టింది.

వెంట్‌సెల్ నిట్టూర్చాడు. "అయితే ఇళ్ళు వెతకాలి. నాకూ ఇష్టం లేదు. సముద్రం పోటు దిగి నీరు తీసే వేళకి పడవ లాకులు దాటాలి, ఈలోపు చూసేస్తాను. ఈ పక్కిల్లు ఎవరిది?"

పక్కిల్లు హిస్కేదే.

ఆవిడ గుమ్మంలో నిలబడి, ఆయన పెదాలు చూస్తూ ఉంది. తలుపు బార్లా తీసి, "రండి బాబూ, రండి. ముందు టీ తాగాలి, తర్వాతే ఏదైనా" అంది. మా వైపు టీ వద్దంటే ఆ ఇంటికి చెయ్యెత్తినట్టే. ఆ మాట పాస్టరుగారు వెంట్‌సెల్‌కి చెప్పారు. అది అక్షరాలా నిజమే కాబట్టి ఇబ్బంది లేకుండా చెప్పారు. మేష్టారూ ఫ్రౌకే కూడా వెనకే వచ్చి వంటింటి బల్ల చుట్టూ కూర్చున్నారు.

ఆ రోజుల్లో టీ ఎక్కడిది? తేయాకు గుండ కూడా లేదని ఊరు ఊరంతా ఎప్పుడో ప్రమాణం చేసేసింది. అందరూ ఆపిల్ తొక్కలు ఎండబెట్టి మరిగించి మూతులు ముడుచుకుంటూ తాగుతున్నారు. హిస్కే పీట ఎక్కి, అటక మీంచి రేకుడబ్బా దింపింది. అది తన చావుకి వచ్చేవాళ్ళ కోసం దాచిపెట్టుకున్న తేయాకు. డబ్బా మూత తీయగానే ఆ వాసనకి మేష్టారి కళ్ళు మూతపడ్డాయి.

కప్పులో పటికబెల్లం ముక్క వేసి, పైన వేడి టీ పోస్తే ముక్క చిటపటమంది. అంచు వెంట మీగడ జార్చింది. వెంట్‌సెల్ చెంచా తీసి కలపబోయి, మర్యాదస్థుడు కదా, పాస్టరుగారు ఏం చేస్తున్నారో చూశాడు. పాస్టరుగారు కలపలేదు. చెంచాని పళ్ళెంలోనే వదిలేసి తాగారు. వెంట్‌సెల్ కూడా వదిలేసి తాగాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా వైపు చెంచా కలపడానికి కాదు. తాగింది చాలనుకున్నవాడు దాన్ని ఖాళీ కప్పులో పెడతాడు. పెట్టాడా, ఆగుతారు. పెట్టలేదా, పోస్తారు. అది పాలు తాగే పిల్లవాడికి కూడా తెలుసు. వెంట్‌సెల్‌కి తెలీదు.

హిస్కే మళ్ళీ పోసింది. "చాలమ్మా" అన్నాడాయన. ఆవిడ చూపంతా చెంచా మీదే ఉంది, మళ్ళీ పోసింది. వెంట్‌సెల్ పాస్టరుగారి వైపు చూశాడు. పాస్టరుగారు తాగేసి, చెంచాని పళ్ళెంలోనే ఇంకాస్త సవరించి పెట్టుకున్నారు. ఆ మనిషి అరవయ్యేళ్ళలో నోటితో ఒక్క అబద్ధం ఆడలేదు. ఆ పూట చెంచాతో ఆడారు.

డబ్బా అడుగంటింది. హిస్కే మొహం చూసి ఫ్రౌకే లేచి వెళ్ళి, ఏప్రన్ మడతలో పిడికెడు తేయాకు తెచ్చింది.

"ఒసేయ్! మీ అత్త దినానికి నువ్వు పోసింది ఆపిల్ తొక్కలు కాదూ?" అంది హిస్కే కళ్ళెర్రజేసి.

"అది అయిపోయాక దొరికిందిలే అక్కా" అంది ఫ్రౌకే, మొహం అటు తిప్పుకుని.

తర్వాత మేష్టారు కోటు జేబులోంచి పొగాకు డబ్బా తీశాడు. అందులో పొగాకు లేదు. "మేష్టారూ, మీరు కూడానా!" అని ఫ్రౌకే గుండెలు బాదుకుంది. ఊళ్ళో ఎవరి దొంగతనం ఏమిటో ఆ ఒక్క పూటలో తేలిపోయింది. పాపం వెంట్‌సెల్ తాగుతూనే ఉన్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. ఒక కాలు ఊపడం మొదలుపెట్టాడు, తర్వాత రెండో కాలు. చివరికి లేచి, మెల్లగా మేష్టారి చెవిలో ఏదో అడిగాడు. మేష్టారు ఆలోచించకుండా ఇంటి వెనక వైపుకి చెయ్యి చూపించాడు. చూపించాక ఆయన ప్రాణం పైకే పోయింది.

వెంట్‌సెల్ పరుగులాంటి నడకతో వెళ్ళి, గోడకేసి తిరిగి, సరిగ్గా ఆ గొట్టం పక్కనే నిలబడ్డాడు. ముసలోడి మొహం ఆయన నడుముకి ఎదురుగా ఉంది. అంతకంటే చెప్పడం మర్యాద కాదు. అప్పుడే గాలి తిరిగింది. సముద్రం వైపు నుంచి ఒక్క విసురు విసిరింది.

ముసలోడు నోరు విప్పాడు.

లోతుగా, నీరసంగా, "ఊఁఊఁఊఁ" అని మూలిగాడు. వంటింటి గోడ లోపలికి కూడా స్పష్టంగా వినిపించింది. మేష్టారి చేతిలో కప్పు ఆగిపోయింది. ఫ్రౌకే రెండు చేతులతో నోరు మూసుకుంది. హిస్కే ఒక్కత్తే ఏమీ ఎరగనట్టు కెటిల్‌లో నీళ్ళు నింపుతోంది.

వెంట్‌సెల్ బొత్తాలు పెట్టుకుంటూ లోపలికి పరిగెత్తుకొచ్చాడు. "ఎవరో మూలుగుతున్నారు! ఇక్కడే, ఈ గోడలోంచే! మనిషి గొంతే!"

"అయ్యో, ముసలోడు!" అంది ఫ్రౌకే. అనేశాక నాలుక కరుచుకుంది.

"ఏ ముసలాయన?" వెంట్‌సెల్ చూపు ఆ వెనక గోడ అరలోని పడక తలుపుల మీదికి పోయింది. అవి మూసి ఉన్నాయి. అవతల నుంచి ఇంకో మూలుగు వచ్చింది. ఆయన గొంతు తగ్గించి, హిస్కేతో, "మీ ఆయనకి బాగాలేదా అమ్మా?" అన్నాడు.

హిస్కే ఆయన పెదాల మీద 'మీ ఆయన' అన్నది మాత్రం పట్టుకుంది. "పోయాడు బాబూ, చాలా ఏళ్ళయింది. మంచు మీద పందెం" అంది, ఏప్రన్ అంచుతో కళ్ళొత్తుకుని.

వెంట్‌సెల్ మొహంలో నెత్తురు చుక్క లేదు. అవతల చచ్చినవాడు ఇంకోసారి మూలిగాడు. హిస్కే వెనకాల నిలబడి ఫ్రౌకే కణత దగ్గర వేలు తిప్పి చూపించింది, ఆవిడకి మతి సరిగ్గా లేదన్నట్టు. ఆయన అర్థమైనట్టు తలూపి, పాస్టరుగారి వైపు తిరిగాడు. "మీరు చెప్పండి. లోపల ఎవరు?"

అందరి చూపులూ ఆ చెవుల మీదే.

"ముసలాయనకి గాలి పట్టినప్పుడల్లా అలా మూలుగుతాడు" అన్నారు పాస్టరుగారు. "నేను ఈ ఊరొచ్చిన తొలి ఆదివారం నుంచీ వింటున్నాను. ప్రాణభయమేమీ లేదు."

చెవులు తెల్లగా, పాలలా ఉన్నాయి.

"కడుపులో గాలా?"

"లోపలంతా గాలేనండీ" అన్నాడు మేష్టారు.

"తిండి ఏమైనా తింటున్నాడా?"

"ఏమీ ముట్టడు" అన్నారు పాస్టరుగారు.

"వయసెంత ఉంటుంది పాపం?"

"మా తాత పుట్టేసరికే ఆయన్ని ముసలోడు..." అని ఫ్రౌకే అందుకోబోయింది. మేష్టారు బల్ల కింద చెక్కజోడుతో ఒక్క తన్ను తన్నాడు. ఆవిడ "అమ్మా!" అంది.

వెంట్‌సెల్ జేబులోంచి చిన్న పొట్లం తీసి హిస్కే చేతిలో పెట్టాడు. "నాకూ ఇదే బాధ అమ్మా. వేడినీళ్ళలో ఈ పొడి కలిపి ఇవ్వండి, గాలి దిగిపోతుంది." కాలవ వైపు నుంచి పడవవాడు కొమ్ము ఊదాడు. నీరు తీస్తోంది. ఆయన పడక తలుపుల వైపు ఒకసారి చూశాడు. మూలిగే ముసలాణ్ణి లేపి పరుపు వెతికే మనిషి కాదాయన. "పైవాళ్ళకి ఏం చెప్పను పాస్టరుగారూ?"

"మధ్యలో ఖాళీ కనిపించిందని చెప్పండి. అది నిజమే కదా."

మిగతా గొట్టాలతో పడవ వెళ్ళిపోయింది. అది లాకుల వైపు మలుపు తిరిగేదాకా ఎవరూ నవ్వలేదు. తిరిగాక పాస్టరుగారితో సహా పొట్ట పట్టుకుని పడీపడీ నవ్వారు.

"ఏమిటి, ఏమైంది? నాకూ చెప్పి చావండి!" అంది హిస్కే, పొట్లం పట్టుకుని.

ఫ్రౌకే నోరు తెరిచింది. ఇంతటి ముచ్చట ఆవిడ జన్మలో దొరకలేదు, మళ్ళీ దొరకదు కూడా. కానీ ముసలోడు మూలిగాడని చెబితే, ఇల్లంతా అదిరేలా మూలిగినా నువ్వొక్కదానివే వినలేదని చెప్పినట్టే. ఫ్రౌకే నోరు మూసింది. ఊళ్ళో ఎవరూ నమ్మరు గానీ, మూసింది. "ఆయనకి కడుపునొప్పి వచ్చిందక్కా, టీ ఎక్కువై" అంది.

అందరూ వెళ్ళాక హిస్కే వెనక్కి పోయి, ముసలోడి మీసాల మీద బురద ఏప్రన్‌తో తుడిచింది. గాలి ఇంకా అటు నుంచే వీస్తోంది. గొట్టం మీద వేసిన చేతికి ఆ వణుకు తగిలింది. "ఓహో, ఎవరూ లేనప్పుడు పాడుకుంటున్నావా?" అంది. ఏడ్చింది కూడా, ఎవరూ చూడటం లేదుగా.

సర్కారు మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ముసలోడు తన పీఠం ఎక్కాడు. ముందు వరసంతా బోడిగా పలకలు కొట్టి ఉంటే, నడిమధ్య ఒక్కడే గెడ్డంలో తారుతో నిలబడ్డాడు. లోపలి వరసల గొట్టాలు మిగిలాయి కాబట్టి ఆర్గాన్ ఎలాగో పలికేది. ఆ మొదటి ఆదివారం నుంచే పాటలు మారాయి. పాటలంటే పాటలు కాదు, వాటి శ్రుతి. మేష్టారు పుస్తకంలో ఏమున్నా సరే, ప్రతి పాటనీ ముసలోడి శ్రుతికి లాక్కొచ్చేశాడు, ప్రతి చరణం చివరా ఎడమచెయ్యి ఆ చివరి మీట మీదే దిగేలాగ. కొన్ని పాటలు పై మెట్టుకి పోయి, రైతులు మెడలు చాచి కీచుమనేవాళ్ళు. కొన్ని కిందికి దిగిపోయి, ఆడవాళ్ళు కప్పల్లా బెకబెకమనేవాళ్ళు. క్రిస్మస్ పాట పాస్టరుగారికి అందనే అందేది కాదు, పెదాలు మాత్రం కదిపేవారు. పొరుగూరి వాళ్ళు విని నవ్వుకున్నారు. యుద్ధం అయిపోయింది, ఏళ్ళు గడిచాయి, మా ఊరివాళ్ళు ఒక్కరు కూడా మేష్టారిని మార్చమని అడగలేదు. అదేమిటని ఎవరితోనూ ఎవరూ అనుకోనూ లేదు.

హిస్కే మాత్రం ఊరుకునే మనిషా? ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అందరి ముందూ నిలదీసింది.

"మేష్టారూ, ఏమనుకోకండి. ఏ పాట ఎత్తుకున్నా తిప్పితిప్పి ఒకే చోటికి తెచ్చి దింపుతున్నారు. నా కాళ్ళకి తెలుస్తుందండీ. ఇంకోలా రాదా మీకు?"

"వయసైపోయింది హిస్కే" అన్నాడు మేష్టారు.

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. బయటికొచ్చాక ఫ్రౌకే చెయ్యి పట్టుకుని పక్కకి లాగి, గుసగుసగా చెబుతున్నాననుకుని, చర్చి ముంగిట్లో ఉన్నవాళ్ళందరికీ వినపడేలా చెప్పింది.

"పాపం, మేష్టారికి చెవుడొచ్చిందే! తనకే తెలీడం లేదు. ఎవరూ ఆయనతో అనకండి, మనసు కష్టపెట్టుకుంటాడు."

"అననులే అక్కా" అంది ఫ్రౌకే.